కాలికి ఊతమిచ్చు ప్లాస్టిక్కు

నడచునప్పుడు ప్రతి అడుగునందును పాదపు ముందుభాగము పైకి లేవవలెను. లేవనిచో వ్రేళ్లు నేలకు తగిలి మనిషి తూలిపడును. పోలియో, పక్షవాతము, నరమునకు దెబ్బ తగులుట మొదలగు కారణములచే పాదమును ఎత్తు కండరములు బలహీనపడినవారికి ఈ ఇబ్బంది కలుగును. మన దేశమున సహజ పోలియో వైరసువలన కలిగిన చివరి కేసు 2011 జనవరిలో కనబడినది. కాని అంతకుముందు ఆ జబ్బు సోకినవారిలో పలువురకు నేటికిని కాలిఊతము కావలసియున్నది.

పూర్వము ఈ ఊతములను ఇనుపకమ్ములతోను తోలుపట్టీలతోను చేసెడివారు. అవి బరువైనవి. పాలీప్రొపిలీన్ అను ప్లాస్టిక్కు రేకుతో చేయు ఊతము తేలికగా నుండి బూటులో ఇముడును. 1954లో ఇటలీలో నట్టా అను రసాయనశాస్త్రజ్ఞుడు ఈ పదార్థమును స్ఫటికరూపమున తయారుచేసెను.

దీని అణువులు పొడవైన గొలుసులవంటివి. ఒక గొలుసునకు మరొక గొలుసుతో రసాయనబంధము లేదు. అందువలన సుమారు 165 డిగ్రీల సెంటీగ్రేడు దాటగనే గొలుసులు ఒకదానిపై నొకటి జారి రేకు మెత్తబడును; చల్లారిన మరల గట్టిపడును. ఇట్టివానిని థర్మోప్లాస్టిక్కులందురు. బేకలైటు అట్లు కాదు. దాని గొలుసులు అడ్డబంధములతో ముడిపడి యుండుటచే వేడిచేసినను మెత్తబడదు.

వర్క్‌షాపులో మొదటి పని కాలి అచ్చు తీయుట. చీలమండను సరియైన కోణమున నిలిపి, మోకాలి క్రిందినుండి వ్రేళ్లవరకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీలు చుట్టుదురు. ఆ ప్లాస్టరు నీటితో కలిసి జిప్సముగా మారి కొన్ని నిమిషములలో గట్టిపడును. కోసి తీసిన ఈ డొల్లలో మరల ప్లాస్టరు పోసినచో కాలి ప్రతిరూపము సిద్ధమగును.

ప్రతిరూపము అచ్చముగా కాలివలెనే యున్నది గదా, దానిపై రేకును పరచిన చాలదా? చాలదు. పిక్క మెత్తనిది, చీలమండ గుబ్బలవద్ద ఎముక చర్మమునకు ఆనియుండును. ఒకే బలము తక్కువ వైశాల్యముపై పడినచో పీడనము హెచ్చును. గుబ్బపై అట్టి పీడనము రోజంతయు నున్నచో చర్మము పుండుపడును. స్పర్శజ్ఞానము లేని కాలైనచో ఆ సంగతి రోగికి తెలియనైన తెలియదు. కావున గుబ్బలున్నచోట ప్లాస్టరు చేర్చి ఎత్తు చేయుదురు. ఒత్తిడి నోర్వగల చోట్ల కొంత చెక్కివేయుదురు.

తరువాత రేకును ఓవెన్‌లో వేడిచేయుదురు. మసకగా నున్న రేకులోని స్ఫటికములు కరగగనే అది పారదర్శకమగును. వెలుపలికి తీయుటకు అదే గుర్తు. మేజోడు తొడిగిన ప్రతిరూపముపై దానిని కప్పి, అంచులు అతికించి, పంపుతో లోపలి గాలిని తోడివేయుదురు. అప్పుడు బయటి వాతావరణము చదరపు సెంటీమీటరునకు దాదాపు ఒక కిలోగ్రాము బరువుతో రేకును నొక్కి ప్రతి వంపునకును హత్తించును. చల్లారునప్పుడు రేకు కొంత కుంచించుకొనును. తొందరపడి ముందే ఊడదీసినచో ఆకారము వంకరపోవును.

చివరకు రంపముతో కోసి అంచులు నునుపుచేయుదురు. చీలమండకు వెనుకగా కోసినచో ఊతము స్ప్రింగువలె కొంత వంగును. ముందుకు విడిచినచో బిగువుగా నిలుచును. పై అంచు మోకాలికి వెలుపలి ప్రక్కనున్న సన్నని ఎముక తలకు క్రిందనే ఆగవలెను. అచ్చట చర్మమునకు దాపుగా పోవు నరమే పాదమును ఎత్తు కండరములను నడపునది. అంచు దానిని ఒత్తినచో, ఏ బలహీనతకు ఊతము తొడిగిరో ఆ బలహీనతనే అది కలిగించును!

ఊతము తొడిగి కొంతసేపు నడిపించి, విప్పి చర్మమును చూతురు. ఎరుపు త్వరగా మాయని చోట రేకును మరల వేడిచేసి కొద్దిగా వెలుపలికి నెట్టుదురు. మొదట రేకునకు రూపమిచ్చిన గుణమే ఈ సవరణకును తోడ్పడును. పెరుగుచున్న పిల్లలకు మాత్రము కాలు ఊతమును మించగనే క్రొత్త అచ్చు తీయవలసినదే.