వెన్నుపూసలకు అంటుకట్టుట

మామిడికొమ్మకు అంటుకట్టుటను మన విద్యార్థులలో పెక్కుమంది చూచియుందురు. శస్త్రవైద్యులు ఎముకలకును అట్లే అంటుకట్టుదురు. అందు వెన్నెముకకు కట్టు అంటు ఎట్టిదో, దానిని రూపొందించుటలో గల చిక్కులెవ్వియో ఇచ్చట వివరించెదను.

వెన్నెముక యొక్కటే ఎముక గాదు. పెక్కు పూసల వరుస. పూసల నడుమ మెత్తని బిళ్ల లుండుటచేత మనము వంగగలుగుచున్నాము. వ్యాధిచేతనో దెబ్బచేతనో పూసలు నిలుకడ దప్పి నరములను నొక్కునప్పుడు, వానిని ఒకే ఎముకగా అతికించుట యొక చికిత్స. 1911వ సంవత్సరమున న్యూయార్కు నగరమందలి రస్సెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అను వైద్యులు వేర్వేరుగా ఈ పద్ధతిని ప్రకటించిరి. ఆల్బీ, వెన్నెముకకు క్షయ సోకిన రోగుల ముంగాలి ఎముకనుండి బద్ద తీసి వెన్నున నమర్చెను. పిమ్మట తుంటియెముకనుండి తీయుట వాడుక యయ్యెను. తీసినచోట మరియొక గాయమై కొందరికి చిరకాలము నొప్పి నిలుచును. కావుననే దానముగా లభించిన ఎముకను, కాల్షియము ఫాస్ఫేటు మొదలగు ఖనిజములను కూడ ఉపయోగించుచున్నారు.

అంటు చేయవలసిన పనులు మూడు: కొత్త ఎముక ప్రాకుటకు పందిరివలె ఆధారమగుట, శరీరకణములు ఎముకకణములుగా మారునట్లు ప్రేరేపించుట, ఎముకను కట్టు జీవకణములను వెంట దెచ్చుట. రోగి సొంత ఎముక ఈ మూడింటిని చేయును. ఖనిజపు తునక సాధారణముగా మొదటిదానినే చేయును. ఖనిజభాగము తీసివేసిన ఎముకను కండరమునం దుంచినను అచ్చట కొత్త ఎముక పుట్టునని 1965లో మార్షల్ యూరిస్ట్ చూపెను. మామిడి అంటు తానే పెరిగి కొమ్మ యగును. ఎముక అంటు మెల్లగా కరిగిపోగా దాని చోట కొత్త ఎముక నిండును.

అంతవరకు పూసలు కదలకుండుటకై వాని నడుమ చిన్న పంజరము నుంచి, మరలు, కడ్డీలు బిగింతురు. పంజరము ఎంత గట్టిదైన నంత మేలని తోచును. కాని అట్లు గాదు. ఎముక తనపై బడు భారమునుబట్టి మారునని జర్మను వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో వివరించెను. భారము లేని ఎముక క్షీణించును. టైటానియము గట్టి ఎముకకంటె సుమారు 5, 6 రెట్లు బిరుసైనది. పంజరమే భారమంతయు మోసినచో లోపలి అంటు పనిలేక క్షీణింపవచ్చును. లేదా పంజరము మెత్తని పూసలోనికి దిగబడవచ్చును. అందుచే దాని నడుమ బోలుగా నుంచి అంటును నింపుదురు. గోడలలో సూక్ష్మరంధ్రములు పెట్టుదురు. సుమారు 300 మైక్రోమీటర్ల రంధ్రములలో రక్తనాళములు చక్కగా ప్రవేశించును. రంధ్రములు మితిమీరినచో పంజరమే విరుగును.

అతుకు కుదురుటకు మాసములు పట్టును. కుదరకున్నచో, రోగి వంగుచు లేచుచు నుండుటవలన మరలు వదులగును, లేదా లోహము అలసి విరుగును. పొగత్రాగుట అతుకును చెరచును గనుక వైద్యులు దానిని మానుమందురు. ఎంత గట్టి లోహమైనను ఎల్లకాలము ఎముక పని చేయజాలదు. ఎముకకు బలము చేకూరువరకు తాను మోసి, పిదప ఆ భారమును దానికే అప్పగించునదియే మంచి పంజరము.