బీబీసీ మైక్రో పొగలు కక్కితే?

ప్రశ్న: ఏళ్లుగా అటక మీదున్న బీబీసీ మైక్రో కంప్యూటర్‌ని దించి స్విచ్ వేశాం. చక్కగా పనిచేసింది. కాసేపటికి వెనక నుంచి ‘టప్’మని చప్పుడు, గదినిండా పొగ, భరించలేని కంపు. తెర మీద అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకిలా? బాగుచేయడం ఎలా?

జవాబు: ముందుగా స్విచ్ కట్టేసి, ప్లగ్గు పీకేయండి. మీ కంప్యూటర్ దాదాపు క్షేమంగానే ఉండి ఉంటుంది. కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన ఈ యంత్రం, 1984-85లో మొదలైన ‘క్లాస్’ ప్రాజెక్టుతో మన దేశపు బడుల్లోకి కూడా వచ్చింది. ఆ తరం పిల్లలు ఎందరో మొదటిసారి కీబోర్డు ముట్టుకున్నది దీని మీదే. దాన్ని పారేయకుండా బాగుచేయాలనుకున్న మీకు అభినందనలు.

పొగ ఎక్కడిది? దీని పవర్ సప్లై స్విచ్‌మోడ్ రకం. లోపలి ట్రాన్సిస్టర్ సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంటుంది. ఆ అలజడి ఇంటి వైరింగులోకి పాకి రేడియోలో గరగర పుట్టించకుండా ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య చిన్న కెపాసిటర్లు పెట్టారు. ఒకటి 0.1 మైక్రోఫారడ్, మరొకటి 0.01. ఇవి చాలావరకు రిఫా ముద్ర ఉన్నవే. లేత పసుపు రంగులో, లోపల చుట్ట లీలగా కనిపించే ఎపాక్సీ దిమ్మలు. ఆ చుట్ట లోహపు పూత వేసిన కాగితం. ఎక్కడైనా చిన్న బెజ్జం పడితే చుట్టూ పూత ఆవిరైపోయి లోపం తనంతట తానే మానిపోతుంది. ఆ గుణం కోసమే కాగితాన్ని ఎంచుకున్నారు.

కాలం గడిచేకొద్దీ ఎపాక్సీ మీద సన్నటి పగుళ్లు పడతాయి. లైటు కింద వాలుగా పట్టుకుని చూస్తే గాజు మీద జుట్టు అతుక్కున్నట్టు కనిపిస్తాయి. వాటిలోంచి గాలిలోని తేమను కాగితం పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో తేమకు కరువేముంది! స్విచ్ వేయగానే ఆ చెమ్మలోంచి కరెంటు కొద్దికొద్దిగా లీకై వేడి పుడుతుంది, వాయువు కమ్ముతుంది, చివరికి దిమ్మ పగులుతుంది. వెంటనే కాకుండా కాసేపాగి పేలడానికి కారణం అదే.

మరి కంప్యూటర్ ఎందుకు ఆగలేదు? కరెంటు ఈ కెపాసిటర్ల గుండా కంప్యూటర్‌కి వెళ్లదు. అవి పక్కన ఉండి గరగరను మింగుతాయంతే. అలాగని వాడుతూ పోకండి. పగిలిన కెపాసిటర్ షార్ట్ కావచ్చు. బ్రిటన్‌లో ప్లగ్గులోనే ఫ్యూజు ఉంటుంది, మన మూడు పిన్నుల ప్లగ్గులో ఉండదు.

ఇక రిపేరు. మెయిన్స్ రిపేర్లలో చేయి తిరగనివాళ్లు పవర్ సప్లై పెట్టె విప్పవద్దు, టీవీ మెకానిక్‌కి ఇవ్వండి. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చాక లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా అవి ఉండిపోవచ్చు. మీటరుతో కొలవకుండా వేలు పెట్టకూడదు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకూడదు. 10 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మళ్లీ కొలవాలి.

రెండు కెపాసిటర్లూ మార్చండి, ఒకటే పేలినా సరే. కొత్తదాని మీద ‘ఎక్స్2’ అనీ, 275 వోల్టుల ఏసీ అనీ తప్పక రాసి ఉండాలి. ‘400 వోల్టులు’ అని మాత్రమే ఉన్న మామూలు కెపాసిటర్ పనికిరాదు. పాలీప్రొపిలీన్ రకం తీసుకుంటే తేమ బెడద తగ్గుతుంది. కాళ్ల మధ్య దూరం ముందే కొలిచి కొనండి.

తర్వాతి పని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అసలు రిపేరు అదే. పొగ కంటే ప్రమాదం గాడి తప్పిన 5 వోల్టులు. బోర్డుకి తగిలించక ముందే, మన మెకానిక్కులు వాడే సీరీస్ బల్బు ద్వారా సప్లైకి కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే మంచిదే. నిండుగా వెలుగుతూ ఉంటే లోపల షార్ట్ ఉంది. మెరిసి మందగించాక కరెంటు కట్టేసి, సీరీస్ బల్బు తీసి, ఎర్ర, నల్ల తీగల మధ్య 12 వోల్టుల 21 వాట్ల బండి బల్బు కట్టండి. దాదాపు 1 ఆంపియర్ లోడు పడుతుంది. మళ్లీ కరెంటు ఇచ్చి కొలవండి. 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి. ఎక్కువైతే చిప్పులు కాలిపోతాయి, తక్కువైతే కంప్యూటర్ ఎక్కడబడితే అక్కడ ఆగిపోతుంది. ఊదారంగు తీగలో మైనస్ 5 ఉండాలి.

అన్నీ కుదిరితే బోర్డుకి కలపండి. ఎర్రవి మూడు, నల్లవి మూడు, ఏ ఒక్కటీ వదలకూడదు. కొలత ఈసారి బోర్డు మీద తీసుకోండి, తుప్పు పట్టిన క్లిప్పుల దగ్గర వోల్టేజీ జారిపోతుంటుంది. పొడవైన మంద్రస్వరం, వెంటనే చిన్న ‘బీప్’ వినిపిస్తే ప్రాసెసర్ లేచినట్టే. మంద్రస్వరం ఆగకుండా మోగుతూ ఉంటే ప్రాసెసర్ లేవలేదు. 5 వోల్టులు సరిగా ఉండీ అలా మోగితే లోపం బోర్డులో వెతకాలి.

మీకు తెలిసిన బడి స్టోర్‌రూములో ఇలాంటి కంప్యూటర్ ఉంటే, ఆ రెండు కెపాసిటర్లూ మార్చేదాకా ఎవరూ ప్లగ్గు పెట్టకుండా దయచేసి ఒక చీటీ అంటించి రండి.