పాడిరైతు పొలములో పాటల తిరునాళ్లు

ఇంగ్లండులో సోమర్సెట్ సీమయందు పిల్టన్ అను పల్లె కలదు. అచ్చటి పాడిరైతు మైకేల్ ఈవిస్‌గారు 1935లో జన్మించిరి. తండ్రి రైతు, మెథడిస్టు సంఘమున ఉపదేశకుడు. కుమారుడు వర్తకనౌకలలో పనిచేయుచుండగా, 1954లో తండ్రి గతించెను. పందొమ్మిదేండ్ల ప్రాయముననే 150 యకరముల సేద్యమును 60 ఆవుల పోషణమును ఆయన నెత్తిన బడినవి. అప్పును గలదు.

ఈయనకు పశువులపై ఎంత మక్కువయో సంగీతముపైనను అంతయే. 1970లో దగ్గరలో జరిగిన యొక సంగీతోత్సవమును చూచివచ్చి, అట్టిదే తన పొలమున జరిపి బాకీ తీర్చుకొందునని తలచిరి. ఆ సెప్టెంబరున ప్రవేశరుసుము ఒక పౌను, పాలు ఉచితము! సుమారు 1,500 మంది వచ్చిరి. బాకీ తీరలేదు సరిగదా, చేతిసొమ్ము పోయినది. అయినను విడువలేదు. గ్లాస్టన్‌బరీ ఉత్సవమని నేడు లోకప్రసిద్ధమైనది అదియే. ఇప్పుడు రెండులక్షల మంది కూడుదురు. కుమార్తె ఎమిలీ నిర్వహించుచున్నది.

రైతుబుద్ధి ఎట్టిదో చూడుడు. 1981లో పెద్ద రంగస్థలమును స్థిరముగా కట్టించి, శీతకాలమున దానినే పశువులకొట్టముగను మేతకొట్టుగను వాడుకొనిరి. 1994లో అది కాలిపోయినది. 2010లో ఆవులసాల కప్పుపై సుమారు 200 కిలోవాట్ల సౌరఫలకములు పరపించిరి. పేడనుండి గ్యాసు తీసి విద్యుత్తు పుట్టించు యంత్రమును అక్కడ గలదు. కొన్నియేండ్లకొకమారు ఉత్సవము మాని భూమికి విశ్రాంతి యిత్తురు. 2018 అట్టిది, 2026ను అట్టిదే.

అయినను ఇన్ని దీపములకు, మైకులకు, అంగళ్లకు కొట్టపు కప్పు చాలునా? చాలదు. డీసెలు జనరేటర్లు వలసియుండెను. చిక్కు ఏమనగా, పాట సాగునపుడు కరెంటు మెండుగా వలయును, తెల్లవారుజామున స్వల్పమే. అప్పుడును పెద్దయంత్రము తిరుగుచునే యుండును. కుంచెడు గింజలకై జోడెడ్లబండి కట్టినట్లు! నిండుభారముతో నడచు యంత్రము లీటరుకు మూడు యూనిట్లకు మించి యియ్యగలదు. పాతికవంతు భారముపై అంత రాదు, లోపల మసియు పట్టును. అందుచే యంత్రమునకు పెద్ద బ్యాటరీని జోడింతురు. యంత్రము కొన్ని గంటలు నిండుగా నడచి బ్యాటరీని నింపి ఆగును. తక్కువ వాడుక వేళ బ్యాటరీయే భరించును. డీసెలునకు మారుగా, వంటకు వాడి పారవేయు నూనెను శుద్ధిచేసి తీసిన ఇంధనమును పోయుదురు. ఇట్లు 2023లో ఉత్సవమంతయు డీసెలు లేకయే నడపితిమని ప్రకటించిరి. ఆ ఇంధనము డీసెలుకంటె ప్రియము. మనకు బ్యాటరీ పద్ధతియే మేలని నాకు తోచుచున్నది.

బ్యాటరీ దొరకని గ్రామమునను ఒక పని చేయవచ్చును. జాతరకు 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు నూరు పెట్టిన రెండు కిలోవాట్లు. మైకులకు మూడు కిలోవాట్లు వేసికొన్నను మొత్తము అయిదే. కొంత అదనముగా ఉంచుకొన్నను 10 కె.వి.ఏ. యంత్రము చాలును. 60 కె.వి.ఏ. యంత్రము తెచ్చినచో వృథాయగు చమురు ఎవరి చందాసొమ్ము? కావున బేరమాడునపుడే యంత్రము పరిమాణము అడుగుడు. నడచిన గంటలు, పోసిన లీటర్లు రెండును పద్దులో వ్రాయింపుడు. ఆ లెక్క యున్నచో మరుసటియేట ఎంత యంత్రము వలయునో కమిటీవారే నిర్ణయింపగలరు.