మేఘం తెచ్చిన సందేశం

రామగిరి పేరు వినగానే తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి ముందుగా జ్ఞాపకం వచ్చేవాడు కాళిదాసు. శాపం తగిలిన యక్షుడు రామగిరిలో కూర్చుని, ఆకాశాన పోయే మేఘాన్ని పిలిచి భార్యకు కబురంపాడు గదా! ఆ రామగిరి నాగపూరు దగ్గరి రామటెక్ అని పండితులలో ఎక్కువమంది అంటారు. మన మెదకుసీమవాడైన మల్లినాథసూరి అది చిత్రకూటమన్నాడు. పెద్దపల్లి జిల్లాలోని మా రామగిరి ఖిల్లాను చూపి, "ఇదే ఆ కొండ" అనేవారు మా వైపున ఇప్పటికీ వున్నారు. ఆ తగవు తీర్చడం నా తరం కాదు. కాని మా రామగిరికీ మేఘం వస్తుంది. వైశాఖ జ్యేష్ఠాలలో, బొగ్గుగనుల మట్టిగుట్టలు కూడా ఎండకు మండిపోయే రోజుల్లో, మధ్యాహ్నం మూడు దాటాక నల్లగా లేస్తుంది. అది కబురు మోసే మేఘం కాదు. చేతికందినది మోసుకుపోయే మేఘం.

రెండేళ్ళ క్రితం అది మా ఆవిడ పందిరిని మోసుకుపోయింది.

పందిరి అంటే పెళ్ళిపందిరి కాదు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, సన్నని ఇనుపగొట్టాల చట్రం, దాని మీద ప్లాస్టిక్ పట్టా. ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకొన్నది. దొరలు గ్రీన్‌హౌస్ అన్నదాన్ని మా వీధివాళ్ళు "పట్టా ఇల్లు" అన్నారు. అందులో మా ఆవిడ కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో టమాటా, వంగ, మిరప నారు పోసింది. ఒక్కొక్క ట్రేలో 98 గుంతలు, అటువంటివి ఆరు. తొలకరికి పెరట్లో నాటుకొందామని చుట్టుపక్కల ఆడవాళ్ళు ముందే డబ్బులిచ్చి పోయారు. ఇంటిఖర్చులో కలవని, ఆమె సొంత చేతి డబ్బు అది.

ఆ సాయంత్రం గాలి రెండు నిమిషాలకంటె ఎక్కువ వీచలేదేమో. పట్టా ఒక్కసారి బూరెలా పొంగింది. చట్రం నేల వదిలింది. ప్రహరీగోడ దాటి సందులో బోర్లా పడింది. అయిదు నిమిషాల ముందు ఆ సందులో నలుగురు పిల్లలు గోళీలాడుతున్నారు. మొదటి ఉరుముకే ఒక తల్లి కేకవేసి వాళ్ళను లోపలికి పిలిచింది. ఆ కేకే మమ్మల్ని కాపాడింది. ఆ రాత్రి మా ఆవిడ నారు పోయినందుకు ఏడ్చింది. నాకు నిద్రపట్టకపోవడానికి కారణం నారు కాదు.

మర్నాడు మా మామగారు వచ్చారు. గోదావరిఖని గనుల్లో ముప్పై ఏళ్ళు టింబరు పని చేసి రిటైరయిన మనిషి. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం, దిమ్మెలు అడ్డంగా నిలువుగా పేర్చడం ఆయన వృత్తి. వంగిన గొట్టాలను తిప్పి తిప్పి చూసి అన్నారు:

"అల్లుడా, గనిల కప్పు కిందికి పడుతదని దుంగ పెట్టినం. గీడ నీ కప్పు మీదికి పోతాంది. దీనికి దుంగ కాదు, కట్టు గావాలె. గంతే ఫరక్."

నేను ఇన్నాళ్ళూ గాలి అంటే పక్కనుంచి తోసేది అనుకొన్నాను. అందుకే ఇటుకలు పేర్చి చట్రానికి ఆనించాను. మామగారి మాట విన్న తరువాత మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి పట్టుకొన్నాను.

గాలి లెక్క

ఆయన చెప్పిన లెక్క ఇది. కప్పు మీదుగా పోయే గాలి అక్కడ వేగం పుంజుకొంటుంది. వేగం పెరిగినచోట ఒత్తిడి తగ్గుతుంది. కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ, కప్పు లేస్తుంది. గాలివానకు పల్లెల్లో రేకులు లేచిపోవడం ఇందువల్లనే. వేగం రెండింతలయితే బలం రెండింతలు కాదు, నాలుగింతలు. వాతావరణశాఖ వారు "గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల ఈదురుగాలులు" అని హెచ్చరిస్తారు గదా! 40 కిలోమీటర్ల గాలికి మా పందిరి కప్పు మీద ఉజ్జాయింపున 42 కిలోల బలం పడుతుంది. గాలి 80కి చేరితే 168 కిలోలు. మా పందిరి అంతా కలిపి పదిహేను కిలోలు వుంటుందేమో!

ఇక్కడ ఒక చిన్న చరిత్ర చెప్పాలి. ప్లాస్టిక్ కప్పిన ఇటువంటి ఇంటిని మొదట నిలబెట్టినవాడు అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎమ్మర్ట్; అది 1948లో. గాజు కొనే స్తోమత లేక ఆయన ఆ ఉపాయం పన్నాడు. గాజు ఖరీదు ఎక్కువ, బరువూ ఎక్కువ; ఆ బరువు ఇంటిని నేలకు పట్టి వుంచేది. ప్లాస్టిక్ చవక, తేలిక. చవకను మనం తీసుకొన్నాం. తేలికను గాలి తీసుకొన్నది.

మరి మా పట్టా బూరెలా ఎందుకు పొంగింది? తప్పు నాదే. లోపల ఉడికిపోతోందని మధ్యాహ్నం తలుపు చుట్టి పైకి కట్టాను. రెండోవైపు మూసే వుంది. గాలి లోపలికి దూరింది, బయటికి దారి లేదు. పైనుంచి లాగేది ఒకటి, లోపలినుంచి నెట్టేది ఇంకొకటి. ఒక్క దారి తెరవడం అన్నిటికంటె ప్రమాదం. తెరిస్తే ఎదురెదురుగా రెండు వైపులా తెరవాలి. మబ్బు లేస్తే అన్నీ మూసి బిగించాలి.

నేలకు కట్టడం

మళ్ళీ కట్టేటప్పుడు మామగారే మేస్త్రీ, నేను కూలీని. నాలుగు మూలలా అడుగు చదరం, అడుగున్నర లోతు గుంటలు తీశాం. ఒక్కొక్క దానిలో చట్రం కాలు దూరేంత లావు గొట్టం నిలబెట్టి కాంక్రీటు పోశాం. అంత గుంటలో పట్టే కాంక్రీటు సుమారు 100 కిలోలు. నాలుగూ కలిసి 400. చట్రం కాళ్ళు ఆ గొట్టాలలో దింపి అడ్డంగా బోల్టులు బిగించాం. బోల్టు లేకపోతే కాలు గొట్టంలోంచి ఊడి వస్తుంది. కాంక్రీటు మాత్రం క్షేమంగా నేలలో వుంటుంది!

తరువాత తాళ్ళు. పట్టా మీదుగా ఆ పక్కనుంచి ఈ పక్కకు మూడు చోట్ల వెడల్పాటి పట్టీలు వేశాం. సన్నని తీగ వేస్తే పట్టాను కోస్తుంది. పట్టీ కొసలు కట్టడానికి నేను మేకులు తెచ్చాను. మామగారు తల అడ్డంగా ఆడించారు. మాది నల్లరేగడి. ఎండకు బీటలు వారి మేకును వదిలేస్తుంది, వానకు బురదై వదిలేస్తుంది. ఆయన రెండడుగుల లోతు గాడి తీయించి, మూరెడు ఇనుపగొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టి, దాని నడుముకు తీగ చుట్టి, కొస పైకి వదిలి మట్టి దిమ్మిస చేయించారు. "ఇది రావాలంటే మీది మన్నంత రావాలె" అన్నారు. మొద్దు పాతకూడదా అని అడిగితే, చెదలు వదిలిపెడతాయా అన్నారు. మంచి గట్టి నేల వున్నవారు రెండడుగుల మేకులే కొట్టవచ్చు. అయితే మేకు తల పందిరికి ఎడంగా, వెనక్కు వాలి వుండాలి.

చట్రం కీళ్ళ సంగతి కూడా చెప్పాలి. కాళ్ళు వదులైన మంచం మీద కూర్చుంటే అది పక్కకు ఒరగడం చూశారు గదా! నాలుగు పలకల చట్రానికి ఆ గుణం వున్నది. మూలనుంచి మూలకు ఒక గొట్టం ఏటవాలుగా వేస్తే రెండు త్రిభుజాలవుతాయి, త్రిభుజం ఒరగదు. నాలుగు పక్కలా అలా వేశాం. గొట్టం ఎండకు కాలి పట్టాను తినేస్తుంది కాబట్టి, తగిలేచోట పాత చీరెపేలికలు చుట్టాం. పట్టా మాత్రం గాలి లేని పూట, కాస్త ఎండ తగిలి మెత్తబడినప్పుడు కప్పాలి. అది చల్లబడి తనంత తానే బిగుస్తుంది. వదులుగా వున్న పట్టా టపటపా కొట్టుకొని చినుగుతుంది.

గుంటలు తవ్వే వీలులేని క్వార్టర్లలో వుండేవారు ఏం చేయాలి? సిమెంటు సంచిలో పొడి ఇసుక నింపితే 40, 50 కిలోలు తూగుతుంది. దాన్ని చట్రం అడుగుగొట్టానికి కట్టాలి. ఊరికే ఆనించినందువల్ల లాభం లేదు. సంచి ఎండకు చివికిపోతుంది గనుక మీద గోనె కప్పాలి. మేడ మీద పెట్టుకొనేవారు శ్లాబుకు కన్నాలు వేయకండి, వానాకాలంలో ఇల్లు కారుతుంది. 20 లీటర్ల రంగుడబ్బాలో కాంక్రీటు పోసి కొక్కెం గుచ్చితే 48 కిలోల బరువు. మేడ మీద గాలి మరింత బలం గనుక అటువంటివి ఎక్కువే కావాలి. రేకుల మీద రాళ్ళు పెట్టే అలవాటును మాత్రం పందిరికి తేవద్దు. గాలికి లేచిన రాయి ఎవరి నెత్తిన పడుతుందో!

గోడ కంటె కంప మేలు

గాలి వచ్చేవైపు గట్టి గోడ కడితే సరిపోదా అని నేనడిగాను. సరిపోదట. గోడకు తగిలిన గాలి దాని మీదుగా దూకి ఇవతల సుడులు తిరుగుతుంది. సగం గాలిని పోనిచ్చి సగం ఆపే తెరే మేలు. తీగపాదులకు అవిసె పెంచే మన తోటల రైతులకు ఇది కొత్త కాదు. చెట్ల వరుస ఎంత ఎత్తో, దానికి పదింతల దూరం దాకా గాలి జోరు తగ్గుతుంది. మేము పడమట అవిసె విత్తనాలు వేశాం. అవి ఎదిగేదాకా గుంజలకు 50 శాతం నీడవల కట్టాం.

ఇంత చేసినా గాలిదే పైచేయి అయ్యే రోజు వుంటుంది. గాలివేగం కొలిచే పరికరం మన ఇళ్ళలో వుండదు. 1805లో బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నావికాధికారి చెట్టునూ కెరటాన్నీ చూసి కొలిచేవారి దారి సుగమం చేశాడు. పెద్ద కొమ్మలు ఊగి, కరెంటు తీగలు ఈలవేసి, గొడుగు నిలవకపోతే 39 నుంచి 49 కిలోమీటర్లు. రెమ్మలు విరిగి, ఎదురు నడవలేకపోతే 62 నుంచి 74. అంత గాలి వస్తుందని ముందే కబురు తెలిస్తే, మూసి ఊరుకోక పట్టాను విప్పి చుట్టేయాలి. తుపానులో పడవవాడు తెరచాప దించడా? పట్టా పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. చట్రం ఎగిరితే దానితోపాటు ఇంకేం పోతుందో చెప్పలేం.

ఈ వేసవిలో మళ్ళీ మేఘం వచ్చింది. ట్రేలు నిండుగా వున్నాయి. మా ఆవిడ పట్టీలు బిగించింది, నేను తెరలు దించాను. మామగారు వరండాలో కుర్చీ వేసుకొని, గనిలో కప్పు చప్పుడు వినేవాడిలా చెవి ఒగ్గి కూర్చున్నారు. వేపకొమ్మ ఒకటి విరిగింది. పందిరి వణికింది, మూలిగింది, కాని నిలబడింది. పొద్దున చూస్తే పట్టా అంచున మూరెడు చినుగు. అప్పుడే టేపు అంటించాం.

మృగశిర వచ్చేసరికి నారంతా ఇళ్ళకు చేరింది. ఆనాడు కేకవేసి పిల్లల్ని పిలిచిన తల్లి కూడా వచ్చింది. ఆమెకు మా ఆవిడ పది టమాటా మొక్కలిచ్చి డబ్బు తీసుకోలేదు. నేను ఆ మాట ఈ వ్యాసంలో ఎలా రాయాలా అని ఆలోచిస్తూ గుమ్మంలో నిలబడ్డాను. పెరట్లోంచి మామగారి గొంతు వినపడింది:

"అల్లుడా, గా తాడు వానకు సాగింది. వచ్చి జర గుంజు."