దీవి లెక్క, కాలువ లెక్క

డెన్మార్క్‌లో సామ్సో అనే చిన్న దీవి ఉంది. జనాభా నాలుగు వేల లోపు. పదేళ్లలో సొంత ఇంధనంతో బతికి చూపించే దీవిగా 1997లో ఆ దేశ ప్రభుత్వం దాన్ని ఎంపిక చేసింది. అప్పటిదాకా నూనె, కరెంటు బయటినుంచి రావాల్సిందే. దీవివాసులు వాటాలు వేసుకుని గాలిమరలు నిలబెట్టారు. కోతల తర్వాత చేలో మిగిలిన గడ్డిని ఉమ్మడి బాయిలర్లలో కాల్చి, వేడినీటిని గొట్టాల్లో పంపి చలికాలంలో ఇళ్లను వెచ్చబెట్టుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి ఏడాదిలో తాము వాడే కరెంటు కంటే ఎక్కువే పుట్టించారు.

దీవిలో ఉండేవాళ్లకు ఏం వస్తోంది, ఏం పోతోంది, ఏం మిగులుతోంది అని చూసుకోక తప్పదు. సముద్రం మొహం చూడని మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటలకు కూడా ఇప్పుడు అదే లెక్క కావాలని నా నమ్మకం. సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు, శ్రీరాంసాగర్ కాలువ కొంత ఆదుకుంటున్నాయి. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా మాత్రం పచ్చదనమంతా ఒకే కాలువ చలవ. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ అది. జొన్న, సజ్జ పండిన మెట్టనేల ఆ నీటితో వరి మాగాణి అయింది.

ఆ నీటికి భరోసా తగ్గుతోంది. సాగర్ కట్టినప్పుడు నిల్వ సామర్థ్యం 408 టీఎంసీలు, పూడిక చేరి అది 312కు పడిపోయింది. 2023లో కృష్ణా పరీవాహకంలో వానలు ముఖం చాటేశాయి, జలాశయం నిండలేదు. ఆ మరుసటి ఏడు, 2024 సెప్టెంబరు 1న, కోదాడ ప్రాంతంలో కుండపోత కురిసి నడిగూడెం మండలంలో అదే కాలువకు గండి పడింది. ఒక ఏడు కరువు, ఒక ఏడు వరద. రెండింటినీ తట్టుకునేలా సాగు ఉండాలి.

మొదట నీటి సంగతి. కిలో వడ్లు పండటానికి వాన, కాలువ నీళ్లు కలిపి సగటున 2,500 లీటర్లు పడతాయని అంచనా. అందులో పైరు తాగేది కొంతే. మిగతాది భూమిలోకి ఇంకిపోతుంది, ఆవిరైపోతుంది. వరి నీటిని తట్టుకునే మొక్కే గానీ, నాటిన రోజు నుంచి కోత దాకా మడిలో నీళ్లు నిలిచి ఉండాల్సిన అవసరం దానికి లేదు. నిలవనీటి వల్ల కలుపు అణుగుతుంది, అందుకే ఆ అలవాటు స్థిరపడింది.

నీరు నిలిచిన బురదలోకి గాలి దూరదు. ఉన్న కాస్త ప్రాణవాయువును సూక్ష్మజీవులు రోజుల్లోనే వాడేస్తాయి. ఆ తర్వాత గాలి అక్కర్లేని మరో జాతి సూక్ష్మజీవులు విజృంభించి, కుళ్లే గడ్డిని, వేళ్లను మీథేన్ వాయువుగా మారుస్తాయి. వేళ్లకు గాలి అందడానికి వరి కాండంలో సన్నని దారులుంటాయి. ఈ మీథేన్‌లో అధిక భాగం ఆ దారుల గుండానే పైకి వచ్చేస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో మీథేన్ బొగ్గుపులుసు వాయువుకు 27 రెట్లకు పైగా బలమైనది.

మడిని మధ్యమధ్య ఆరనిస్తే గాలి లోపలికి వెళ్తుంది, మీథేన్ తయారీ తగ్గుతుంది. దీన్నే మనవాళ్లు ఆరుతడి అంటారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీనికి ఒక సులువు చెప్పింది. జానెడున్నర పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది సగంలో చిల్లులు పెట్టి, ఆ సగాన్ని మడిలో పాతాలి. లోపలి మట్టి తీసేస్తే భూమిలో నీటిమట్టం కళ్లకు కనిపిస్తుంది. ఆ మట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగినప్పుడే మళ్లీ తడి ఇవ్వాలి. నాటిన మొదటి రెండు వారాలు, పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా పలచగా నీళ్లు నిలపాలి. ఇలా చేస్తే దిగుబడి తగ్గకుండానే నీటిలో 30 శాతం దాకా ఆదా అవుతుంది, మీథేన్ దాదాపు సగం తగ్గుతుంది. తడీ పొడీ మారుతుంటే నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో వాయువు కొంత పెరుగుతుంది. యూరియా అదుపులో ఉంచితే మొత్తమ్మీద లాభమే.

ఇంత తేలికైతే రైతు ఎందుకు చేయడం లేదు? మళ్లీ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి. కాలువ చివరి ఊళ్ల రైతు నీళ్లు వచ్చిన రోజే మడి నిండా పెట్టుకుంటాడు, అందులో అతని తప్పేమీ లేదు. సాగర్ ఎడమ కాలువలో కొన్ని రోజులు వదిలి కొన్ని రోజులు ఆపే వారబందీ ఉంది. వంతు తప్పకపోతే అది ఆయకట్టు మొత్తానికీ ఆరుతడే. వంతు నిలబెట్టే పని నీటి వినియోగదారుల సంఘాలది. సామ్సో ఎంపికైన 1997లోనే వాటి కోసం ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. ఆ దీవిలో పని జరిగింది జనం కూర్చుని వాదించుకుని వాటాలు తేల్చుకోవడం వల్ల. మనకు చట్టం ఉంది, కూర్చోవడమే మిగిలింది. కాలువతో పాటు వరద నీటిని పట్టే చెరువులూ ఉన్నాయి. కాకతీయుల కాలం నాటికే ఈ సీమ చెరువుల మీద బతికింది.

ఇక మిల్లుల సంగతి. మిర్యాలగూడ దేశంలో పేరున్న బియ్యం మిల్లుల కేంద్రం, ఉప్పుడు బియ్యానికి మరీ ప్రసిద్ధి. వంద కిలోల వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. వడ్లు ఉడికించే బాయిలర్లలో కాల్చేది ఆ ఊకనే. గడ్డితో సామ్సో చేసిన పని ఈ మిల్లులు ఊకతో చేస్తున్నాయి. చిక్కంతా బూడిద దగ్గరే.

ఇరవై కిలోల ఊక కాలితే దాదాపు నాలుగు కిలోల బూడిద మిగులుతుంది. అందులో 85 నుంచి 95 శాతం సిలికా. వరి మొక్క నేలలోంచి పీల్చి, తనను తాను గట్టిపరచుకోవడానికి దాచుకున్నదది. రోడ్ల పక్కన పోస్తే గాలికి లేచి కళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. సుమారు 700 డిగ్రీలు దాటకుండా కాలిస్తే ఆ సిలికా చురుగ్గా ఉంటుంది, సిమెంటులోని సున్నంతో కలిసి గట్టిపడుతుంది. అంతకు మించి వేడెక్కితే స్ఫటికంగా మారి ఆ చురుకు పోతుంది, పీల్చేవారికి మరింత హాని చేస్తుంది. కాంక్రీటులో ఊక బూడిదను వాడుకోవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 కూడా ఒప్పుకుంది.

మిల్లులకు మరీ దూరం కాకుండా మేళ్లచెరువు, మఠంపల్లి, దామరచర్లల్లో సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. సున్నపురాయిని కాల్చినప్పుడు రాతిలోంచే బొగ్గుపులుసు వాయువు బయటికొస్తుంది, అందువల్ల సిమెంటులో బూడిద ఎంత కలిస్తే అంత రాయి మిగులుతుంది, అంత పొగ తగ్గుతుంది. ఒక పక్క బూడిద పోయడానికి చోటు లేదు, మరో పక్క కొండ తవ్వుతున్నారు. ఈ రెంటినీ కలపకపోవడం పెద్ద లోపం.

మిల్లుల యజమానులూ సిమెంటు కంపెనీలూ ఒక బల్ల చుట్టూ కూర్చుని బూడిద నాణ్యత, ధర తేల్చుకోవాలి. బాయిలర్ వేడిని అదుపులో పెట్టే మార్పులకు ప్రభుత్వం అప్పు సాయం చేయాలి. ఆయకట్టు రైతు సోదరులారా, వచ్చే యాసంగిలో ఒక్క మడిలో గొట్టం పాతి చూడండి. పక్క మడి దిగుబడితో పోల్చుకుని, ఆ లెక్క పట్టుకుని నీటి సంఘం సమావేశానికి వెళ్లండి, వంతు తప్పకుండా నీళ్లు ఇవ్వమని అడగండి.