గడప దాటిన గ్రంథం
1978 డిసెంబరులో ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు మార్మన్ మత ప్రచారకులుగా సమోవా నుంచి హైదరాబాదు వచ్చారు. వాళ్ల బంధువుల్లో 22 మంది మార్మన్ బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి శ్రీనివాసం ప్రొటెస్టెంటు పాస్టరు. విచిత్రమేమిటంటే, మార్మన్ల పవిత్ర గ్రంథమైన ‘మార్మన్ గ్రంథా’న్ని తెలుగు చేసింది ఆయనే!

సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి ప్రొటెస్టెంటు చర్చిలు ఒప్పుకునే నైసియా త్రిత్వ సిద్ధాంతాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకాన్ని, మార్మన్లు ఒప్పుకోరు. అసలు పేచీ అక్కడే.

అమెరికాలో ఆ పేచీ వీధికెక్కింది. యూటాలోని మాంటైలో 2019 దాకా ఏటా మార్మన్ నాటకం జరిగేది. బయట ఇవాంజెలికల్ (సువార్తవాద ప్రొటెస్టెంటు) కార్యకర్తలు కరపత్రాలు పంచుతూ, ప్రేక్షకులతో వాదనకు దిగేవారు.

2004లో మాత్రం మద్రాసులో పుట్టిన ఇవాంజెలికల్ ప్రసంగీకుడు రవి జకరాయస్ సాల్ట్‌లేక్ మార్మన్ వేదికపైనే ప్రసంగించారు. మార్మన్ల నమ్మకాల్ని తమవాళ్లు వక్రీకరించారంటూ ఇవాంజెలికల్ పండితుడు రిచర్డ్ మౌ అక్కడే క్షమాపణ చెప్పారు. చాలామంది ఇవాంజెలికల్స్‌కు అది మింగుడుపడలేదు.