అల్లం సీసాలో ముప్పు

శొంఠి లేని కషాయం లేదని మన పెద్దలంటారు. మీకు అజీర్తి చేస్తే అమ్మమ్మ అల్లం రసంలో తేనె రంగరించి పెడుతుంది గదా! పూర్వం అమెరికాలో కూడా ఇటువంటి ఇంటి వైద్యం ఒకటి ఉండేది.

జమైకా ద్వీపపు అల్లం పేరుమోసినది. దాన్ని ఎండబెట్టి, దంచి, సారాలో నానవేసి, వడగట్టి, చిన్న సీసాలలో అమ్మేవారు. కడుపునొప్పికి నీళ్ళలో కొద్ది చుక్కలు వేసుకు తాగేవారు. పిండివంటల్లో, పానీయాల్లో వాసనకు కలిపేవారు. నీళ్ళలోనే నానవేయవచ్చునే అంటారా? అల్లానికి ఘాటునిచ్చే జింజెరాల్ నీటిలో సరిగా కరగదు, సారాలో సులువుగా కరుగుతుంది. అందుచేత సీసాలో ఇంచుమించు ముప్పాతిక వంతు సారాయే!

1920లో అమెరికాలో మద్యనిషేధం వచ్చింది. అల్లం సారం మందు గనక దాన్ని నిషేధించలేదు. ఇంకేం? తాగుడు మానలేని బీదవారికి అదే దిక్కయింది. ఇది చూసి ప్రభుత్వం, నోట పెట్టలేనంత ఘాటుగా ఉండేలా అల్లం ఎక్కువ వేసి తీరాలన్నది. తనిఖీదార్లు కాస్త ద్రవం మరిగించి, సారా ఆవిరైపోగా మిగిలిన మడ్డిని తూచేవారు. బరువు సరిపోతే అల్లం సరిపోయినట్టే.

ఈ పరీక్షలో లోపం మీకు తట్టిందా? తక్కెడ బరువు చెబుతుందిగాని, ఆ బరువు దేనిదో చెప్పదు! ఈ కిటుకు కనిపెట్టి కొందరు అల్లం తగ్గించి, ఆవిరికాని ఆముదం వంటివి కలపసాగారు. బోస్టన్ నగరంలో ఒక కంపెనీ ఇంకా చవకైనది వెతికి, ట్రై ఆర్థో క్రెసిల్ ఫాస్ఫేట్ అనే నూనెవంటి ద్రవం కలిపింది. ప్లాస్టిక్కులను మెత్తబరచే సరుకది! రంగులేదు, వాసన లేదు, తేలికగా ఆవిరికాదు. తనిఖీలో దొరకనే దొరకదు.

1930 మొదటి నెలల్లో వేలకొద్దీ జనానికి ముందు పిక్కలు నొప్పిపుట్టి, తరవాత కాళ్ళు పడిపోయాయి. ఆ ద్రవం పాదాలకు పోయే పొడుగాటి నరాలను చెడగొట్టింది. నడవగలిగినవారు సైతం పాదం పైకి వంచలేక, మోకాలు బాగా ఎత్తి, పాదాన్ని నేలకు టపటపా కొడుతూ నడిచేవారు. ‘జేక్ నడక’ అని దానికి పేరే పడింది. ఎందరికో ఆ కాళ్ళు మళ్ళీ బాగుపడలేదు.

ఆ సంవత్సరమే స్మిత్, ఎల్వోవ్ అనే ప్రభుత్వ శాస్త్రజ్ఞులు సీసాలు పరీక్షించి విషం గుట్టు బయటపెట్టారు. కాని కంపెనీ యజమానులిద్దరికీ కోర్టు వేసిన రెండేళ్ళ శిక్ష కూడా మొదట అమలు జరపలేదు. ఇదేం న్యాయమో!

ఆ జాతి విషమే 1959లో మొరాకో దేశంలోనూ, 1988లో మన కలకత్తాలోని బెహాలాలోనూ వంటనూనెలో కలిసి, వందల కుటుంబాలవారి కాళ్ళు పడగొట్టింది.